‘వుడ్‌బైన్ విల్లీ’ని తెలుగులో ఏమనాలి?

మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైన్యానికి పాదిరిగా పనిచేసిన జెఫ్రీ స్టడ్డర్ట్ కెనెడీకి సైనికులు పెట్టుకున్న ‘వుడ్‌బైన్ విల్లీ’ అన్న పేరును ‘చుట్టల పాదిరి’ అని తెలుగు చేయవచ్చునా అని మిత్రులొకరు అడిగారు. పాదిరి బాగుంది; ఆ సైనికుల నోటి ‘పాద్రే’, మన ‘పాదిరి’ రెండూ పోర్చుగీసు పుట్టింటివే. చిక్కల్లా చుట్టతోనే. వుడ్‌బైన్ విల్స్ కంపెనీవారి చవకరకం సిగరెట్టు, కూలీనాలీ కాల్చేది. చుట్టకు మన ఊరిపెద్దల అరుగుల మీద కూడా మర్యాద ఉండేది కనుక, ఆ బీదవాసన ‘బీడీ’లోనే పలుకుతుంది. విల్లీ అన్నది మాత్రం ఆయన అసలు పేరులో ఎక్కడా లేదు.

1883లో లీడ్స్‌లో పుట్టి, డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో చదివి, 1914లో వూస్టర్ పట్టణపు సెయింట్ పాల్స్ చర్చికి గురువైన కెనెడీ, 1915 చివరలో సైన్యంలో చేరారు. ఫ్రాన్సులోని రువాఁ స్టేషనులో, యుద్ధరంగానికి బయలుదేరే సైనికులకు బైబిలులోని కొత్త నిబంధన ప్రతులతోపాటు వుడ్‌బైన్లు పంచేవారు. (ఉబ్బసంతో బాధపడుతూ కూడా తానూ విపరీతంగా కాల్చేవారు.) 1917లో మెస్సీన్ యుద్ధంలో, తుపాకిగుండ్ల వర్షంలో, ఫిరంగిగుండ్లు పడి ఏర్పడిన గుంతలన్నీ వెదికి, తమవారినే కాక శత్రుసైనికులలో గాయపడినవారిని సైతం చికిత్సా కేంద్రానికి చేర్చినందుకు మిలిటరీ క్రాస్ అనే శౌర్యపతకం లభించింది. కొత్తగా వచ్చిన థియొడోర్ బేలీ హార్డీ అనే పాదిరికి, సైనికులతోనే ఉండండి, వాళ్లు వెళ్లిన చోటికల్లా వెళ్లండి అని ఆయన చెప్పిన సలహా ప్రసిద్ధం. యాభై దాటిన ఆ హార్డీ తరువాత బ్రిటిష్ సైన్యపు అత్యున్నత శౌర్యపతకమైన విక్టోరియా క్రాస్ పొంది, 1918 అక్టోబరులో గాయాలతో కన్నుమూశారు. యుద్ధానంతరం కార్మికుల పక్షాన ఉపన్యాసాలిస్తూ ఊరూరా తిరిగిన కెనెడీ 1929లో లివర్‌పూల్‌లో మరణించారు.

అనువాదానికి అసలు పరీక్ష, ఈ పేరు మీద ఆయనే రాసుకున్న కవిత. సైనికులు తనకు పెట్టిన పేరులో వాళ్ల స్వభావం లాగే నవ్వూ కన్నీరూ కలిసి ఉన్నాయనీ, అది ఎన్నటికీ తీర్చలేని బాకీకి గుర్తు అనీ, దేవుని శాంతిని అందించవలసిన మనుషులకు తాను ఒక సిగరెట్టుతో సరిపెట్టాననీ అందులో అంటారు. మనకు ముద్దుపేరుగా వినిపించేది ఆయనకు నింద. ‘బీడీల పాదిరి’లో చనువూ ఉంది, కొంత చిన్నచూపూ ఉంది కనుక ఆ నింద నిలుస్తుంది. వ్యాసాలలో నేను దానినే వాడతాను. కవితను తెలిగించేటప్పుడు మాత్రం ‘వుడ్‌బైన్’ను అలాగే ఉంచి, ‘సరిపెట్టాను’ అన్న క్రియను వదలకుండా ఉంటే చాలునని నా అభిప్రాయం.