పది రోజుల సెలవులో రెండు దేశాలు: చూసినట్టా, తిరిగినట్టా?

పెన్నాగట్టు_నెల్లూరు:
అందరికీ నమస్కారం. కృష్ణపట్నం దగ్గర ఒక కర్మాగారంలో పని చేస్తున్నాను. ఇరవై రోజుల పనికి ఒక రోజు చొప్పున ఏడాదికి నాకు వచ్చే సెలవులు పదిహేను లోపే. పెళ్లిళ్లకు, జ్వరాలకు పోగా మిగిలినవాటికి దసరా సెలవులు కలుపుకుంటే ఈసారి వరసగా పది రోజులు కుదిరింది. నేను, నా భార్య మొదటిసారి దేశం దాటుతున్నాం. వియత్నాంలో హనోయి, హాలాంగ్ బే, హోయి ఆన్, హో చి మిన్ సిటీ చూసుకుని, చివర కంబోడియాలోని అంగ్కోర్ వాట్‌కు ఒక రోజు అనుకున్నాం. మా అమ్మ ఒక్క దేశం చాలదా అంటోంది. మళ్లీ ఇలాంటి అవకాశం ఎప్పుడు వస్తుందో తెలియదు. వెళ్లి వచ్చినవాళ్లు చెప్పండి, రెండూ పెట్టుకోవచ్చా?

సంచారి_ఒంగోలు:
తప్పకుండా పెట్టుకోండి తమ్ముడూ. నేను బ్యాంకు ఉద్యోగిని. పదకొండేళ్లలో ఎనిమిది దేశాలు చూశాను, ఒక్క ప్రయాణం కూడా తొమ్మిది రోజులు దాటలేదు. రెండో శనివారం, ఆదివారం, పండగ సెలవు దగ్గర దగ్గరగా వచ్చిన వారం చూసుకుని మధ్యలో నాలుగు రోజులు సెలవు పెడతాను. రాత్రి ఒంగోలులో రైలెక్కితే తెల్లవారేసరికి చెన్నై. అక్కడి నుంచి విమానం.

హనోయి నుంచి హో చి మిన్ సిటీకి రైలు దారి 1,726 కిలోమీటర్లు, ముప్పై గంటల పైనే పడుతుంది. విమానం ఎక్కండి, ఒక రోజు మిగులుతుంది. వియత్నాం వీసా ఇంట్లో కూర్చునే ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు, ఒకసారి వెళ్లడానికి 25 డాలర్లు. అంగ్కోర్ గుళ్లకు దగ్గరి ఊరు సియెమ్ రీప్‌లో 2023లో తెరిచిన కొత్త విమానాశ్రయం ఊరికి దూరం, నెల్లూరు నుంచి కావలి వెళ్లినంత ఉంటుంది. ఆ గంట కూడా లెక్కలో వేసుకోండి. అంగ్కోర్‌లో నేను సూర్యోదయం చూసి, గుడి తిరిగి, పదకొండుకల్లా బయటికి వచ్చేశాను. మధ్యాహ్నం బయోన్ గుడి గోపురాల మీది రాతి ముఖాలు, చెట్ల వేళ్లు అల్లుకున్న తా ప్రోమ్ గుడి చూశాను. ఒక రోజు చాలు.

మైపాడు_అల:
హాలాంగ్ బేలో ఒక రాత్రి పడవలోనే ఉండండి. పొద్దున వెళ్లి సాయంత్రం వస్తే దారికే సరిపోతుంది.

రొయ్యలరైతు_అల్లూరు:
ఒక రోజు చాలని ఎలా రాస్తారు అక్కా? పదకొండుకల్లా వచ్చేశానన్నారు, తూర్పు వసారా చూశారా? అక్కడ సముద్ర మథనం చెక్కిన గోడ పొడవు 49 మీటర్లు. ఒకవైపు 92 మంది రాక్షసులు, మరోవైపు 88 మంది దేవతలు వాసుకిని పట్టి లాగుతుంటారు. నడుమ విష్ణువు, అడుగున కూర్మం. నేను చెరువుల మనిషిని కనుక నా కన్ను నీళ్ల మీద పడింది. మందరం పక్కన సుడి ఎంత బలంగా ఉందంటే అక్కడి చేపలు రెండు ముక్కలై ఉంటాయి. దూరం పోయేకొద్దీ చేపలు నిండుగా ఉంటాయి. నీళ్లు ఎక్కడ తిరుగుతున్నాయో, ఎక్కడ నిలకడగా ఉన్నాయో ఆ శిల్పి చేపలతోనే చెప్పాడు. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటరు పక్కన నీళ్లు ఎలా మసలుతాయో రోజూ చూసేవాడిని నేను. ఆ గోడ ముందు నాకు ఒళ్లు గగుర్పొడిచింది.

అక్కడ నన్ను ఉండనిచ్చింది ఏడు నిమిషాలు. ప్యాకేజీ వాళ్లు జెండా ఊపి పిలిచారు. ఆ తర్వాత పట్టు బట్టల దుకాణంలో గంటన్నర కూర్చోబెట్టారు. నాకు సెలవు అనేదే లేదు. చెరువులో రొయ్య పిల్లల్ని వదిలితే నాలుగు నెలలు గట్టు దిగలేను. రాత్రి రెండు గంటలకు కరెంటు పోయి జనరేటరు అందుకోకపోతే తెల్లవారేసరికి రొయ్య పైకి తేలుతుంది. రొయ్యలు పట్టడం అయ్యాక చెరువు ఎండబెట్టే ఇరవై రోజులే నావి. ఆరేళ్లు ఎదురుచూస్తే ఒక్కసారి కుదిరింది, ఆ ఒక్కసారీ ఏడు నిమిషాలు. తమ్ముడూ, ఒక్కచోటికే వెళ్లండి.

సంచారి_ఒంగోలు:
అన్నా, ప్యాకేజీ వాళ్లు మీకు చేసిన అన్యాయానికి నా ప్రయాణాన్ని ఎందుకు తప్పుపడతారు? నేను ఎవరి జెండా వెనకా నడవలేదు. ముందురోజు సాయంత్రమే టికెట్టు తీసుకున్నాను. అలా తీసుకుంటే అది మరుసటి రోజుకు చెల్లుతుంది, ఆ సాయంత్రం సూర్యాస్తమయం అదనంగా చూడనిస్తారు. టుక్‌టుక్ అతనితో రోజంతటికీ మాట్లాడుకున్నాను. తూర్పు వసారాకూ వెళ్లాను, పావుగంట ఉన్నాను.

రొయ్యలరైతు_అల్లూరు:
పావుగంటలో చేపలు చూశారా?

సంచారి_ఒంగోలు:
చేపలు చూడలేదు. పడమటి వసారాలో కురుక్షేత్రం గోడ దగ్గర అంపశయ్య మీద పడుకున్న భీష్ముణ్ణి చూశాను. ఒంటి నిండా బాణాలు, పక్కన చేతులు కట్టుకున్నవాళ్లు. అక్కడ చాలాసేపు కూర్చున్నాను. మీరు చూసింది మీది, నేను చూసింది నాది.

రొయ్యలరైతు_అల్లూరు:
భీష్ముడు లోపలికి వెళ్లేవాళ్లందరికీ దారిలోనే కనిపిస్తాడు. నేను అడిగింది వెనకవైపు సంగతి. ఆ గుడి ముఖం పడమరకు ఉంటుంది. అందుకే సూర్యోదయం కోసం జనమంతా పడమటి కొలను గట్టున, గోపురం వెనక నుంచి వచ్చే వెలుగు కోసం నిలబడతారు. సరిగ్గా ఆ వేళకే వెనక తూర్పు వసారాలో స్తంభాల మధ్య నుంచి లేత ఎండ ఆ గోడ మీద పడుతుంది, అప్పుడు అక్కడ మనిషి ఉండడు. ఒక్క రోజే ఉన్నవాడు ఏదో ఒకటి వదులుకోవాలి. రెండో పొద్దు ఉంటేనే రెండోది దక్కుతుంది. నేను చెప్పేది అంతే, దానికి మీరు జవాబు ఇవ్వడం లేదు.

ఉదయగిరి_కోట:
టికెట్టు ఒక రోజుకు 37 డాలర్లు, మూడు రోజులకు 62. ఆ మూడు రోజులూ వరసగా ఉండక్కర్లేదు, పది రోజుల్లో ఎప్పుడైనా వాడుకోవచ్చు.

చెరువుకట్ట_కంభం:
శాకాహారులైతే వియత్నాంలో 'చాయ్' అనే మాట గుర్తుపెట్టుకోండి. శాకాహారాన్ని అలా అంటారు. ఆ బోర్డు లేని చోట కూరగాయల్లోనూ చేపల రసం పడుతుంది.

కందుకూరు_మాస్టారు:
పెన్నాగట్టు గారికి ఒక మాట. హోయి ఆన్ వెళ్తున్నారు కనుక అక్కడికి 40 కిలోమీటర్ల దూరంలోని మీ సన్ తప్పకుండా చూడండి. ఒకప్పుడు ఆ ప్రాంతాన్ని ఏలిన చంపా రాజులు కట్టించిన ఇటుక శివాలయాలు, సంస్కృత శాసనాలు ఉన్నాయి. 1969లో అమెరికా బాంబు దాడుల్లో చాలావరకు కూలిపోయాయి, మిగిలినవి చూసినా మనసు నిండుతుంది. సాంఘికశాస్త్రం ముప్పై రెండేళ్లు చెప్పిన నాకు అక్కడి శాసనాల ముందు కాళ్లు కదల్లేదు.

ఇక అసలు వాదన. చీరాల దగ్గరి మోటుపల్లి ఒకప్పుడు పేరున్న రేవు. ఓడ మీద వచ్చే వర్తకులకు అభయమిస్తూ గణపతిదేవుడు 1244లో అక్కడ శాసనం వేయించాడు. ఆ రోజుల్లో గాలి మళ్లేదాకా ఓడ కదలదు. నెలల తరబడి రేవులోనే ఉండాలి. ఉన్నవాడికి ఆ ఊరి మాట వచ్చేది, తిండి అలవాటయ్యేది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే ఒక భాష మాటను ఇంకో భాషలో చెప్పే ఉద్యోగంలో ఉన్న ఏనుగుల వీరాస్వామి గారు 1830 మే నెలలో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. ఊరూరా ఆగి, చూసింది చూసినట్టు రాసుకున్నారు. ఆగకుండా చూడటం కుదరదని నా నమ్మకం.

సంచారి_ఒంగోలు:
మాస్టారూ, మీ మీద నాకు గౌరవం ఉంది. కానీ వీరాస్వామి గారు పల్లకీలో, పరివారంతో వెళ్లారు. నాకు పదిహేను నెలల సెలవు ఎవరిస్తారు? ఆగితేనే చూసినట్టు అని పెద్దలంతా అంటే, ఆగే వీలు లేనివాళ్లం ఇంట్లోనే ఉండాలని అర్థం. హోయి ఆన్‌లో నేను ఉన్నది ఒక రాత్రి. నది ఒడ్డున ఒక ముసలామె కాగితపు దీపం అమ్మింది. దాన్ని నీళ్ల మీద వదలడానికి నాతో పాటు వంగి, నా చెయ్యి పట్టుకుని, దీపం వెలుతురు చెదరకుండా నెమ్మదిగా జారవిడవడం నేర్పింది. మా ఇద్దరికీ ఒక్క మాట కూడా కలవదు. ఐదు నిమిషాలు. దాన్ని నేను చూడలేదని ఎవరూ అనలేరు.

మైపాడు_అల:
అక్క చెప్పింది నిజం. అందరికీ అన్ని రోజులు ఉండవు.

రొయ్యలరైతు_అల్లూరు:
ఒక రాత్రి ఒక ఊరు, పొద్దున ఇంకో ఊరు. ఎనిమిది దేశాలని లెక్క రాసుకోవడానికి బాగుంటుంది. అలా రోజులు కలిపి, కోసి, అతికి తిరిగేవాళ్లకు ఇల్లు ఒకటుందని గుర్తుండదు.

సంచారి_ఒంగోలు:
మాట జారకండి అన్నా. వాదన అంగ్కోర్‌లో ఎన్ని రోజులు ఉండాలని. నా ఇల్లు ఇందులోకి ఎలా వచ్చింది? నా ఇంటి సంగతి మీకేం తెలుసని రాశారు?

రొయ్యలరైతు_అల్లూరు:
మీ ఇంటి సంగతి నాకు తెలియదు, మా ఇంటి సంగతి చెబుతాను. మా తమ్ముడు హైదరాబాదులో ఉంటాడు. మీ టపాలన్నీ చదువుతాడు, నాకూ పంపుతాడు. పండగ సెలవు కలుపుకుంటే నాలుగు రోజులు మిగులుతాయన్న కిటుకు మీ దగ్గర నేర్చుకున్నదే. నిరుడు సంక్రాంతిని కలిపి టర్కీ వెళ్లాడు. అంతకు ముందు దసరాను కలిపి జార్జియా వెళ్లాడు. మా అమ్మకు వారానికి రెండుసార్లు నెల్లూరులో డయాలసిస్. తెల్లవారుజామున నాలుగింటికి చెరువుకు మేత వేయించి, ఆరింటికి అమ్మను కారులో కూర్చోబెడతాను. నాలుగు గంటలు ఆ యంత్రం పక్కన కూర్చుంటాను. భోగి రోజు కూడా అక్కడే ఉన్నాం. వాడు పైకెగిరే బెలూన్ల వీడియో పంపాడు, అమ్మ మంచం మీద నుంచే చూసి "ఎంత ఎత్తుకు పోతున్నాయిరా" అని సంబరపడింది. నాకు మాత్రం గొంతులో ఏదో అడ్డం పడింది.

మీరు కలుపుకుంటున్న పండగ సెలవు ఉత్త సెలవు కాదు అక్కా. ఇంట్లో ఎవరో ఒకరు మీ కోసం గుమ్మం వైపు చూసే రోజు అది. ఆ రోజును మీరు క్యాలెండరులో ఎర్ర అంకెగా రాస్తున్నారు.

ఉదయగిరి_కోట:
అన్నా, అమ్మగారికి ఎలా ఉంది ఇప్పుడు?

రొయ్యలరైతు_అల్లూరు:
నిలకడగానే ఉంది తమ్ముడూ.

సంచారి_ఒంగోలు:
రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను.

మీ తమ్ముడి లెక్క నాకు కట్టకండి. అది మీరిద్దరూ ఎదురెదురుగా తేల్చుకోవలసిన మాట, ఇక్కడ నా మీద తీరేది కాదు. పండగ గురించి మాత్రం నేను చెప్పాలి. సంక్రాంతి సెలవులని మీరంటారు. పెళ్లయిన ఏడాది నుంచి ఆ మూడు రోజులూ నేను పొయ్యి దగ్గరే. పిండి దంచిన దగ్గర్నుంచి, పాకం ముదరకుండా చూసుకుని, నూనెలోంచి తీసిన ప్రతి అరిసెను చెక్కల మధ్య నొక్కే దాకా. బ్యాంకులో నాకు సాయంత్రమైతే పని ముగుస్తుంది, పండగకు ముగియదు. మొదటిసారి సంక్రాంతి రోజున శ్రీలంకలో గాలే అనే ఊరి వీధిలో ఎవరో వండి పెట్టిన ఇడియాప్పం తింటూ ఏడ్చాను. సంతోషంతో ఏడ్చాను. గుమ్మం వైపు ఎవరైనా చూస్తున్నారంటే, నా కోసమా, అరిసెల కోసమా అని ఆ రోజు అనిపించింది. ఆ మాట నేను వెనక్కి తీసుకోను.

అయితే మీరు అడగని ఒక సంగతి ఉంది. నేను పండగ కలుపుకుని వెళ్లిన ప్రతిసారీ మా ఇంట్లో అరిసెలు ఉన్నాయి. మా తోటికోడలు చేసింది. మా అత్తగారికి మందులు వేళకు అందించిందీ ఆమే. ఆమె ఇంతవరకు తిరుపతి దాటి వెళ్లలేదు. ఎనిమిది దేశాల గురించి ఇక్కడ ఇన్ని టపాలు రాశాను, టికెట్టు ధరలు, రైలు వేళలు అన్నీ రాశాను. ఆమె మాట ఒక్కదాంట్లోనూ రాయలేదు. అది నా తప్పు. నా తొమ్మిది రోజుల్లో ఆమె రోజులు కూడా ఉన్నాయి.

కందుకూరు_మాస్టారు:
అమ్మా, వీరాస్వామి గారి పల్లకీ మోసిన బోయీల గురించి నేనూ ఎప్పుడూ పిల్లలకు చెప్పలేదు.

పెన్నాగట్టు_నెల్లూరు:
అందరికీ కృతజ్ఞతలు. మా అమ్మ ఒక్క దేశం చాలదా అన్నది ఖర్చు గురించి అనుకున్నాను. నిన్న రాత్రి అడిగాను. దసరా రోజుకైనా వచ్చేస్తారేమో అని అలా అన్నదట. హనోయి, హాలాంగ్, హో చి మిన్ తీసేశాం. హోయి ఆన్, మీ సన్ మూడు రోజులు, అంగ్కోర్‌కు మూడు రోజుల టికెట్టు, పండగ ముందురోజుకు నెల్లూరు. నా భార్యకు హాలాంగ్ పోయిందని బాధగానే ఉంది, ఇంకా ఒప్పించలేదు.

మైపాడు_అల:
హాలాంగ్ తీసేయడం తప్పు. నేను ఒప్పుకోను.

రొయ్యలరైతు_అల్లూరు:
మంచిది తమ్ముడూ. మొదటి పొద్దు కొలను దగ్గర నిలబడండి, రెండో పొద్దు సరాసరి వెనక్కి వెళ్లండి. వీలైతే ఆ గోడను ఎడమ చివర నుంచి కుడి చివరకు నెమ్మదిగా వీడియో తీసి పంపండి. అమ్మకు చూపిస్తాను, యంత్రం దగ్గర నాలుగు గంటలు ఉంటాం. అక్కా, తోటికోడలి సంగతి చదివాను. నేను ఇల్లు అన్న మాట తొందరపడి రాశాను. ఒక్క రోజు చాలన్నది మాత్రం ఇప్పటికీ తప్పే.

సంచారి_ఒంగోలు:
సరే అన్నా. నా పాత ఫోటోలు అన్నీ వెతికాను. తూర్పు వసారాలో తీసినది ఒకటి దొరికింది, కింద అంచున నీళ్లలో ఏదో ఉంది. ఇక్కడ పెడుతున్నాను, మీరు చెప్పిన చేపలు ఇవేనా?

రొయ్యలరైతు_అల్లూరు:
అది మొసలి అక్కా. రాక్షసుల వైపు తీశారు. మందరం ఇంకా కుడివైపు ఉంది, అక్కడికి చేరకముందే మీరు వెనక్కి తిరిగారు.