ఈ వారం సమస్య: పొడువనట్టి కత్తి పోటు గెలిచె

పానగల్లు (నిర్వహణ):
ఈసారి సమస్య మా ఇంట్లనే పుట్టింది. మా చెల్లె కొడుకు సెలవులకు నల్లగొండకు వచ్చి కంప్యూటర్ ముందర నుంచి లేస్తలేడు. మీకు తెలిసినోడే, మన గుంపులో 'దేవరకొండ చిన్నోడు'. 1986లో వచ్చిన జెల్డా ఆటను అభిమానులే పీసీ మీద తిరిగి కట్టి, ఎవరికి వాళ్లు సొంత ఆట అల్లుకునే పనిముట్టు చేసిన్రు, జెల్డా క్లాసిక్ అని. దాంట్ల వీడు ఆట కడుతున్నడు. పొద్దున చాయ్ తాగుతుంటే అడిగిండు: "మామా, వీరుని కత్తి సూటిగ పొడవాల్నా, కొడవలి లెక్క తిప్పి విసరాల్నా?" 1986 ఆటలో కత్తి ముందుకే పోతది. అదే వరుసల 1991 ఆటకు వచ్చేసరికి పక్క నుంచి వంపు తిరిగి వస్తది, మీట ఒత్తిపట్టి వదిలితే వీరుడు చుట్టూ గిర్రున తిరుగుతడు. ఇప్పుడు కట్టేటోళ్లకు రెండూ చేతిలనే ఉన్నయి, ఏది పెట్టాల్నో వాళ్ల ఇష్టం. రెండు దినాలు కొట్టుకున్నంక "పొడవని కత్తే గెలిచింది మామా" అన్నడు. నాకది పాదంగనే వినవడ్డది.

దీన్నే చివరి పాదంగ పెట్టి ఆటవెలది పూరించున్రి. ఆటలోని కత్తి మీదనే రాయాలె. భీముణ్ణి, అర్జునుణ్ణి తేవద్దు. ఆదివారం రాత్రి దాకా గడువు.

విద్వద్గద్వాల:
మొదటి పూరణ నాది.

పూర్తి గుండె లున్న పొడువక వెలుగేగి
దూరమందె శత్రు దుంప తెంచె
అంచు తగలకుండ నసురుండు కూలెరా
పొడువనట్టి కత్తి పోటు గెలిచె

ప్రాణం నిండుగ ఉన్నప్పుడు కత్తి మొన నుంచి వెలుగు ఎగిరిపోయి దూరాన ఉన్నోణ్ణి కొడతది. అదీ భావం.

పాలమూరు మర్రి:
గద్వాల అన్నా, దుంప తెంచిన తీరు మస్తుగుంది. కానీ 'పొడువక' దగ్గర కాలు జారింది. ఆ ఆట నేను ఆడిన. మీట ఒత్తితే వీరుడు ముందు పొడుస్తడు, ఆ పొడుపు చివరనే వెలుగు బయలుదేరుతది. పొడవకుంటే వెలుగు లేదు. మొదట్ల ఇచ్చే 3 గుండెల్ల ఒక్కటి తగ్గినా రాదు.

మిర్యాలగూడ టీచరమ్మ:
రెండో పాదంలో 'శత్రు దుంప' వైరి సమాసం. సంస్కృతపు 'శత్రు'కు తెలుగు 'దుంప' అతకదు. 'పగర దుంప' అనండి, గణమూ చెడదు, యతీ చెడదు.

విద్వద్గద్వాల:
అక్కయ్య మాట శిరసావహిస్తున్న, 'పగర' ఇంకా అందంగా ఉంది. మర్రి తమ్ముని మాట సగమే ఒప్పుకుంట. 'పొడువగా వెలుగేగి' అని మారుస్తున్న. అయినా సమస్య నిలుస్తది. మూడో పాదం చూడు, 'అంచు తగలకుండ'. పగవాని ఒంటికి తగిలింది వెలుగు, కత్తి కాదు. గాలిని పొడిచిన కత్తి మనిషిని పొడిచినట్టా?

పాలమూరు మర్రి:
ఇప్పుడు సరిపోయింది. ఇది ముందే రాసి ఉంటే నేను నోరు తెరవకపోదును.

పేట పిల్లలమర్రి:
విసురు కత్తి మీద నా పూరణ:

ఎదుట డాలు పట్టి యెదిరించు వానిని
పక్కనుండి విసిరి పడగ నరికె
గుచ్చువాని యాట గూలిపోయెను గాని
పొడువనట్టి కత్తి పోటు గెలిచె

పానగల్లు (నిర్వహణ):
నడక బాగుంది. 'గుచ్చువాని' తర్వాత 'గూలిపోయెను', ఆ గకారం మొన దిగినట్టు వినిపిస్తది.

దేవరకొండ చిన్నోడు:
పేట అన్నా, పద్యం నచ్చింది కానీ డాలు పట్టినోని సంగతి ఒక్కటి చెప్పాలె. వానికి ఆటలో డార్క్‌నట్ అని పేరు. 1986 ఆటలో వాని ముందర పొడిస్తే డాలుకు తగిలి ఠంగుమంటది, అంతే. ఆడేటోడు పక్కకో వెనక్కో పోయి పొడవాలె. పక్క నుంచి కొట్టాలనుడు గుచ్చే ఆటలనే ఉన్న కిటుకు. ఒక గదిల అసొంటోళ్లు నలుగురైదుగురు ఉంటరు, తిరిగే దారి దొరకదు. ఆ ఇరుకులనే మజా. విసురు పెడితే మూలమీద ఉన్నోడు సుత దొరికిపోతడు. నేను పొడుపును లెక్కేసుకుని రాక్షసులను నిలవెట్టిన గదులల్ల విసురు పెట్టి ఆడి చూస్తే, చెమట పట్టకుండ దాటేసిన.

పేట పిల్లలమర్రి:
మంచిమాట చెప్పినవ్ తమ్మీ. 'గుచ్చువాని యాట గూలిపోయె' అనుడు గుచ్చేటోనికి అన్యాయమే అయితది. ఆట ఆడకుండ రాసిన. పాదం మార్చి తెస్త.

పాలమూరు మర్రి:
నా పూరణ. గుహల ముసలాయన ఇచ్చే చెక్క కత్తి మీద:

గుహను ముసలి తాత గోముగా నీయంగ
చెక్క కత్తి పట్టె చిన్నవాడు
నూరలేదు గాని నూరుమంది పారి
పొడువనట్టి కత్తి పోటు గెలిచె

పేట పిల్లలమర్రి:
'నూరలేదు', 'నూరుమంది'. ఈ జోడు దొరికినందుకు మర్రి అన్నకు దండం పెట్టాలె. పదును పెట్టలేదు గాని వందమంది పారిపోయిన్రు. ఇంత మంచి పాదంల గణం తప్పుడు నాకు ప్రాణం ఒప్పుతలేదు. 'నూరుమం' రగణం, సరే. తర్వాత 'ది పారి' ఏంది? జగణం. ఆటవెలది మూడో పాదంల మూడు సూర్యగణాలు, చివర రెండు ఇంద్రగణాలు ఉండాలె, ఆడ జగణం ఎక్కడన్న కూర్చుంటదా?

పాలమూరు మర్రి:
నూరు, మంది, పారి అని చదువుకోరాదా?

పేట పిల్లలమర్రి:
అప్పుడు ఆరు సూర్యగణాలు అయితయి. ఆరు ఎవరు అడిగిన్రు?

మిర్యాలగూడ టీచరమ్మ:
'నూరుమందియుఁ బాఱ' అంటే అయిపోతుంది. 'దియుఁ బాఱ' సలం, ఇంద్రగణమే. పైగా 'పారి' అంటే పారినవాడు, గెలిచినవాడు ఒకడేనన్నట్టు ఉంది. 'పాఱ' అంటే వాళ్లు పారిపోగా ఇది గెలిచిందని అన్వయం కూడా కుదురుతుంది.

పాలమూరు మర్రి:
అక్కయ్యా, మీరు చెప్తే దిద్దుబాటు, పేట ఆయన చెప్తే ఎత్తిపొడుపు. దిద్దుకుంటున్న.

దేవరకొండ చిన్నోడు:
చెక్క కత్తి సుత పొడుస్తది మర్రి అన్నా. దాని దెబ్బ 1, తెల్ల కత్తిది 2, మూడోదానిది 4. పదునులేనిదన్న అర్థంల తీసుకుంటే మాత్రం పద్యం మంచిగ కుదిరింది. నాకు అన్నిట్ల ఇదే ఇష్టం.

మిర్యాలగూడ టీచరమ్మ:
నా ప్రయత్నం కూడా చూడండి.

ఆట గట్టువాడె యనువుగా నమరించి
యెట్టి కత్తి నిచ్చె, నెదుటివాని
గుండె జూచి కదిసి గుఱిపెట్టి గట్టిగా
పొడువ, నట్టి కత్తి పోటు గెలిచె

విద్వద్గద్వాల:
అక్కయ్యా! పొడువన్, అట్టి కత్తి! పొడవని కత్తిని ఒక్క కామాతో పొడిచే కత్తి చేసిన్రు. పైన 'ఎట్టి' పెట్టి కింద 'అట్టి'ని పట్టుకున్నరు. సమస్య ఇచ్చినాయన సుత దీన్ని చూసి ఉండడు.

పానగల్లు (నిర్వహణ):
చూడలేదు. నిజంగనే చూడలేదు. రాత్రి పదకొండుకు చదివి, మా ఇంటామెను లేపి వినిపించిన.

పేట పిల్లలమర్రి:
విరుపంటే ఇది. మాట విరిగితే లోపల ఇంకో తెలుగు మాట దొరకాలె. కొందరు విరిస్తే దుకాణంల సరుకు దొరుకుతది.

పాలమూరు మర్రి:
ఆ 'కొందరు' నేనే. పోయిన నెల 'నీట మునిగి చేప నీరు వెదకె' అన్న సమస్యకు 'నీట మునిగి చే, పనీరు వెదకె' అని నేను విరిచిన్నాడు మీరు తెలుగు కాదని పక్కకు వెట్టిన్రు. నీళ్ల గిన్నెల చెయ్యి పెట్టి పనీరు ముక్క వెతుకుడు పాలమూరుల ఏ కర్రీ పాయింటు కాడికి పోయినా కనవడ్తది. అది మాకు తెలుగే.

పేట పిల్లలమర్రి:
'చే' ఒప్పుకున్న, 'పనీరు'నే ఒప్పుకోలె. ఇప్పుడూ అదే మాట.

మిర్యాలగూడ టీచరమ్మ:
ఆ పూరణ చదివినంకనే నాకు ఈ తోవ తట్టింది. చేప మధ్యలో విరుగుతుందని నేను ఎన్నడూ అనుకోలేదు. మర్రి తమ్ముడు అది చేసి చూపించిండు కాబట్టే 'పొడువనట్టి'ని పట్టుకుని ఎక్కడ విరుగుతుందా అని కూర్చున్న. నా పద్యంలో ఆయన పాలు ఉంది.

పాలమూరు మర్రి:
అక్కయ్యా, ఈ ఒక్క మాట చాలు నాకు.

విద్వద్గద్వాల:
మా ఊరిని పెద్దలు 'విద్వద్గద్వాల' అన్నరంటే ఒకరి పద్యం ఇంకొకరికి తోవ చూపెట్టబట్టే. పేట తమ్మీ, పనీరు సంగతి ఇక ఇడిచిపెట్టు.

దేవరకొండ చిన్నోడు:
నేను పద్యం రాసుడు ఇదే మొదలు. మామకు సుత చూపెట్టలే.

గడ్డి కోయ విసురు, గదిలోన గుచ్చుడు
రెండు పెట్టి చూస్తి రేయి పగలు
మొదటి కత్తి మార్చి ముప్పది మార్లాడ
పొడువనట్టి కత్తి పోటు గెలిచె

పేట పిల్లలమర్రి:
గణాలు, యతులు అన్నీ ఉన్నయి. మొదటి పద్యంలనే! కానీ 'గుచ్చుడు', 'చూస్తి' పద్యంల నిలుస్తయా? 'గుచ్చుట', 'చూచితి' కదా ఉండాలె.

పానగల్లు (నిర్వహణ):
నిలుస్తయి. మా అమ్మ కోసుడు, కలుపు తీసుడు, నాటు వేసుడు అనే మాటలతోనే బతికింది. 'గుచ్చుట' అంటే నాకు పుస్తకం కనవడ్తది, 'గుచ్చుడు' అంటే చెయ్యి కనవడ్తది. మేనల్లుడని అంటలేను, ఎవరు రాసినా ఇదే అందును. ఈ పద్యంల ఒక్క అక్షరం సుత ఎవరూ ముట్టవద్దు.

విద్వద్గద్వాల:
పద్యానికి నా దీవెన. కానీ బిడ్డా, ఆట సంగతి ఒకటి అడుగుత. ముప్పై మార్లు నువ్వే ఆడినవు, నీకు ప్రతి గది తెలుసు. కొత్తగ వచ్చెటోనికి మొదలే విసురు చేతికిస్తే, నువ్వు చెప్పిన ఆ ఇరుకు వానికి ఎట్ల తెలుస్తది?

దేవరకొండ చిన్నోడు:
రాత్రంతా ఇదే ఆలోచించిన పెద్దాయనా. పాత ఆటల తెల్ల కత్తి కావాలంటే 5 గుండెలు ఉండాలె, మూడోదానికి 12. ఆ మెట్లనే వాడుకుంటున్న. చెక్క కత్తి పొడుస్తది. 5 గుండెలు నిండి తెల్ల కత్తి దొరికినంకనే విసురు వస్తది. అప్పటిదాక పొదలు కొయ్యరావు, డాలోళ్ల చుట్టూ తిరగాలె. పొద్దున మా తమ్మునితోటి ఆడించిన. మూడో గదిల నాలుగుసార్లు సచ్చిండు, ఐదోసారి వెనుక నుంచి పోయి పొడిచి లేచి ఎగిరిండు. నాకు విసురు పెట్టినప్పుడు ఒక్కసారి సుత అట్ల ఎగరబుద్ధి కాలె.

పానగల్లు (నిర్వహణ):
అంటే నీ పద్యంల గెలిచిన కత్తి ఆటల రెండో స్థానానికి పోయింది.

దేవరకొండ చిన్నోడు:
అవును మామా. పద్యం అట్లనే ఉండనీ, అది రాసిన దినం నిజమే.
ఇంకోటి. ముసలాయన కత్తి ఇచ్చే గుహల మర్రి అన్న పద్యం పెట్టుకుంట, అన్న ఒప్పుకుంటే. తెలుగు అక్షరాలు నేనే బొమ్మలుగ గీస్తున్న, ఒక్కో గడి 16 చుక్కల పొడుగు, 16 చుక్కల వెడల్పు. తెరకు అడ్డం 16 గడులే. 'నూరలేదు గాని నూరుమందియు బాఱ' ఖాళీలతోటి లెక్కవెడితే సరిగ్గ 16, అరసున్న ఒక్కటి ఇడిచిపెడుతున్న. కానీ 'గుహను ముసలి తాత గోముగా నీయంగ' 18కి పోతున్నది.

పాలమూరు మర్రి:
ఒప్పుకునుడు ఏంది తమ్మీ, నీ ఇష్టం!

మిర్యాలగూడ టీచరమ్మ:
'ముసలితాత', 'గోముగానీయంగ' అని కలిపి రాయి, 16 అవుతుంది. తాటాకు మీద రాసినప్పుడు మాటల నడుమ ఖాళీలు వదిలేవాళ్లా?

దేవరకొండ చిన్నోడు:
పట్టింది అక్కయ్యా! ఇప్పుడు 'క్క', 'ట్టె', 'న్న' గీస్తున్న. ఒత్తు కింద రెండు చుక్కల జాగే మిగులుతున్నది. 'ఱ' మాత్రం ఎట్ల గీసినా 'ఆ' లెక్కనే కనవడ్తున్నది, ఎవరన్న చేత్తో పెద్దగ రాసి ఫోటో పెట్టున్రి.