ఆఫీసు గోల ఆడవాళ్లకే ఎక్కువ తగులుతుందా?

మాదాపూర్‌లో అకౌంట్స్ పని నాది. ఓపెన్ హాలు. వెనకాల సేల్స్ వాళ్ల ఫోన్లు. జీఎస్టీ లెక్క సగంలో ఉండగా "హలో సార్, ఒక్క నిమిషం" వినబడితే మళ్లీ మొదటికే. మేనేజర్ని అడిగితే "ఈ గోల మీ ఆడవాళ్లకేనమ్మా" అంటాడు. నిజమేనా?

జవాబు 1: నేను మగాణ్ణే, నాకూ అంతేనండీ. ఏసీ హోరు పట్టదు. అర్థమయ్యే మాటే చెవిలో దూరుతుంది.

జవాబు 2: 2000లో అమెరికాలో ఒక పరిశోధన అచ్చయింది. 40 మంది మహిళా ఆఫీసు ఉద్యోగుల్లో కొందర్ని 3 గంటలు మామూలు ఆఫీసు చప్పుడులో ఉంచారు. వాళ్ల ఒంట్లో ఎపినెఫ్రిన్ (ఒత్తిడి హార్మోన్) పెరిగింది, చిక్కు ప్రశ్నల్ని త్వరగా వదిలేశారు. టెన్షన్ ఎంతని అడిగితే మాత్రం నిశ్శబ్దంలో కూర్చున్నవాళ్లలాగే చెప్పారు! అందులో మగవాళ్లే లేరు, ఇక పోలికెక్కడిది?

అడిగినావిడ: థాంక్సండీ. సోమవారం సీటు మార్చమంటాను.