సైన్యం సొంతంగా భౌతికశాస్త్రం, ఇంజనీరింగ్‌లో పీజీ కోర్సులు నడపాలా? విశ్వవిద్యాలయాలు చాలవా?

తుంగభద్ర:
అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని డేటన్ దగ్గర వైమానిక దళం సొంతంగా ఒక పీజీ విద్యాలయం నడుపుతోంది. పేరు ఎయిర్‌ఫోర్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, పొట్టిగా ఏఎఫ్ఐటీ. విమానాల సాంకేతికత తెలిసిన అధికారులు కావాలని 1919లో డేటన్‌లోని మెకుక్ ఫీల్డ్ అనే సైనిక విమానాశ్రయంలో చిన్న పాఠశాలగా మొదలుపెట్టారు. 1954లో అమెరికా కాంగ్రెస్ పట్టాలిచ్చే అధికారం కల్పించింది. ఆ తర్వాత పీహెచ్‌డీలు కూడా వచ్చాయి. అణు ఇంజనీరింగ్, అనువర్తిత భౌతికశాస్త్రం, ఆప్టిక్స్ అన్నీ అక్కడే బోధిస్తారు.

ఇదంతా అనవసరమని నా అభిప్రాయం. చంద్రుడిపై నడిచిన వ్యోమగామి బజ్ ఆల్డ్రిన్‌నే తీసుకోండి. వైమానిక దళ అధికారిగా ఉంటూ ఎంఐటీ అనే పౌర విశ్వవిద్యాలయంలో చదివి 1963లో డాక్టరేట్ తెచ్చుకున్నారు. కక్ష్యలో రెండు నౌకలు ఒకదాన్నొకటి చేరుకోవడం ఎలా అన్నదే ఆయన పరిశోధన. 1966లో జెమిని-12 అంతరిక్ష నౌకలో రాడార్ మొరాయిస్తే, కోణాలు కొలిచే సెక్స్టంట్‌తోనూ ముందే వేసుకున్న పట్టికలతోనూ లక్ష్యాన్ని చేరుకున్నారు. పౌర విశ్వవిద్యాలయం ఇంతకన్నా ఏం ఇవ్వాలి? పైగా అక్కడ ప్రొఫెసర్‌తో వాదించడానికి హోదా అడ్డురాదు. అధికారికి కావలసింది ఆ గాలే.

కొండవీడు:
తుంగభద్ర గారూ, ఆల్డ్రిన్ ఉదాహరణ మంచిదే, కానీ అది బహిరంగంగా ప్రచురించగలిగిన విషయం. అణు పేలుడు నుంచి వెలువడే విద్యుదయస్కాంత తరంగాల దెబ్బకు ఏ సర్క్యూట్ ఎక్కడ కాలిపోతుందో తేల్చే పరిశోధనను ఏ విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో పెడతారు? వియత్నాం యుద్ధ కాలంలో విద్యార్థులు రహస్య పరిశోధనలను గట్టిగా వ్యతిరేకించారు. అపోలో మార్గదర్శక వ్యవస్థను రూపొందించిన ప్రయోగశాలనే ఎంఐటీ 1973లో వదులుకుంది. విశ్వవిద్యాలయాలు తలుపు వేసుకున్న రోజున సైన్యం ఎవరిని అడగాలి?

ఇక గయ్యాన్ బ్లూఫోర్డ్. ఏఎఫ్ఐటీలోనే ఏరోస్పేస్ ఇంజనీరింగ్‌లో 1974లో మాస్టర్స్, 1978లో పీహెచ్‌డీ చేశారు. లేజర్ భౌతికశాస్త్రం ఆయన అనుబంధ విషయం. 1983లో అంతరిక్షంలోకి వెళ్లిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ ఆయనే. అదే ఏడాది అమెరికా వైమానిక దళం విమానంలో అమర్చిన లేజర్‌తో సైడ్‌వైండర్ క్షిపణులను అడ్డుకుంది. అలాంటి ఆయుధం కావాలో వద్దో నిర్ణయించే బల్ల దగ్గర, వేడెక్కిన గాలిలో కిరణం ఎలా చెదురుతుందో లెక్క వేయగల అధికారి ఉండాలి. లేకపోతే అమ్మేవాడు చెప్పిందే వేదం.

తుంగభద్ర:
రహస్యం పేరుతో ప్రతి కోర్సునూ గోడల మధ్య పెట్టనవసరం లేదు కదా. క్వాంటం మెకానిక్స్‌లో రహస్యం ఏముంది? 1996 చివర్లో ఏఎఫ్ఐటీ పీజీ విద్యాలయాన్ని మూసేస్తామని ప్రకటించింది వైమానిక దళమే. 1998లో ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నారు, నిజమే. కానీ నడిపేవాళ్లకే అంత సందేహం కలిగిందంటే ప్రశ్నలో బలం ఉన్నట్టే.

ఫిరంగిశాల:
నేను పుణె దగ్గర గిరినగర్‌లోని మన సైనిక సాంకేతిక విద్యాసంస్థలో ఎంటెక్ చేశాను. 1952లో ఖడ్కీలో ఆయుధ శాస్త్రాల సంస్థగా పుట్టింది అది. పాఠ్యపుస్తకంలో దొరకని ఒక్క సంగతి చెబుతాను.

ఫిరంగి గుండు వేగం కొలవడానికి పాత పద్ధతి ఒకటుంది. గొట్టం ముందు కొంత దూరంలో రెండు తీగ తెరలు నిలబెడతారు. గుండు మొదటి తెరను తెంపగానే గడియారం మొదలవుతుంది, రెండోది తెగగానే ఆగుతుంది. తెరల మధ్య 4 మీటర్లుండి, గుండు సెకనుకు 800 మీటర్లు పోతుంటే మధ్య కాలం 5 మిల్లీసెకన్లే. నూటికి ఒక వంతు కచ్చితత్వం కావాలన్నా 50 మైక్రోసెకన్లకు మించి తేడా రాకూడదు. మొదటి తెర గొట్టం మూతికి మరీ దగ్గరగా ఉంటే, గుండుకన్నా ముందు దూసుకొచ్చే తుపాకిమందు వాయువులూ కాలని మందు పలుకులూ దాన్ని తెంపేస్తాయి. గడియారం తొందరపడి మొదలవుతుంది, వేగం తక్కువగా తేలుతుంది. అంకె చూస్తే ఎక్కడా అనుమానం రాదు. తెగిన తీగ చివర నల్లబడి ఉందేమో వెళ్లి చూసినవాడికే తెలుస్తుంది. ఫైరింగ్ రేంజి లేని కళాశాల ఈ సంగతి ఎలా నేర్పుతుంది?

క్వాంటం మెకానిక్స్‌కు ఐఐటీకి పంపండి, సంతోషం. బాలిస్టిక్స్ (గుండ్ల గమనశాస్త్రం), పేలుడు పదార్థాలు, రేడియేషన్ ప్రభావాలు మాత్రం సొంత గడప దాటకూడదు.

కొండవీడు:
ఫిరంగిశాల గారి గీత నాకు సమ్మతమే. అమెరికా సైనిక పైలట్ జిమ్మీ డూలిటిల్ రెండు చోట్లా చదివారు. ముందు మెకుక్ ఫీల్డ్ పాఠశాల, తర్వాత ఎంఐటీ, 1925లో డాక్టరేట్. 1929లో బయటి దృశ్యమేదీ కనబడకుండా, పరికరాలు చూస్తూ విమానాన్ని లేపి మళ్లీ దించారు. ఆయనకు రెండు చదువులూ పనికొచ్చాయి.

గోదారిగట్టు:
నాకు అసలు బాధ మరొకటి. ఎక్కడ చదివించినా, ఆ అధికారిని తర్వాత ఎక్కడ వేస్తున్నారు? రేడియేషన్ మీద పీజీ చేసినవారిని రెండేళ్లకే స్టోర్ల లెక్కలకు బదిలీ చేస్తే మీ ఇద్దరి వాదనా నీటిపాలే. పట్టాతోపాటు ఆ చదువుకు సరిపోయే పోస్టింగ్ ఇన్నేళ్లు ఖాయమని ముందే రాసివ్వాలి. ఆ హామీ లేని కోర్సుకు, అది ఎంఐటీలో ఉన్నా గిరినగర్‌లో ఉన్నా, నా ఓటు పడదు. ఫిరంగిశాల గారూ, మీ బ్యాచ్‌లో ఎంతమంది చదివిన పనిలోనే ఉన్నారు?