యార్క్ మిన్‌స్టర్‌లో అడుగు పెట్టడానికి టిక్కెట్టా?

లీడ్స్ వాసి: అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చారు. యార్క్, డరమ్ చూపించాలని ఉంది. డరమ్‌లోని పెద్ద చర్చి, అంటే కేథడ్రల్‌లోకి ప్రవేశం ఉచితం, విరాళం మన ఇష్టం. యార్క్‌లోని కేథడ్రల్ అయిన యార్క్ మిన్‌స్టర్ చూడాలంటే మాత్రం టిక్కెట్టు కొనాలి. రెండూ చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌వే. ప్రార్థన చేసే చోట గుమ్మం దగ్గరే డబ్బు అడగడం నాకు మింగుడుపడటం లేదు. మీరేమంటారు?

రాళ్లపిచ్చి: కొనండి. మిన్‌స్టర్‌లోని ఆ తూర్పు రంగుగాజుల కిటికీ ఒక్కటి చాలు. 1405–1408 మధ్య జాన్ థార్న్‌టన్ చేసిన గాజు పని అది. దాని 311 పలకలనూ విప్పి, బాగుచేసి, తిరిగి బిగించేసరికి 2018 వచ్చింది. 1984లో మంటలు రేగి దక్షిణ భాగం పైకప్పు కాలిపోయింది. ఇక్కడ కేథడ్రల్‌ల రోజువారీ ఖర్చును సర్కారు భరించదు. రాళ్లు చెక్కేవారికి జీతాలు ఎవరివ్వాలి?

ఉచిత దర్శనం: డరమ్‌కు ఖర్చులు లేవా? 1093లో మొదలుపెట్టిన కట్టడం, క్రైస్తవ సాధువులు కథ్‌బర్ట్, బీడ్ సమాధులున్న చోటు. అయినా తలుపులు తీసే ఉంచారు. టిక్కెట్టు పెట్టారంటే వచ్చినవారిని గిరాకీగా చూస్తున్నట్టే.

రాళ్లపిచ్చి: తిరుమలలో 300 రూపాయల టిక్కెట్టు కొన్నప్పుడు ఈ మాట గుర్తుకు రాలేదా?

ఉచిత దర్శనం: అక్కడ సర్వదర్శనం ఉంది కదండీ! డబ్బు కట్టేది త్వరగా వెళ్లడానికే.

న్యూకాజిల్ అత్త: యార్క్‌లోనూ ప్రార్థనకు వచ్చేవారి దగ్గర డబ్బు తీసుకోరు బాబూ. సాయంత్రం పాటలతో సాగే ప్రార్థన, ఈవెన్‌సాంగ్‌కు తీసుకువెళ్లు, పాటలు వింటూ పెద్దవాళ్లు హాయిగా కూర్చుంటారు. ఆ సమయంలో అటూ ఇటూ తిరగడం, ఫొటోలు తీయడం కుదరదు. టిక్కెట్టు ఎగ్గొట్టడానికి వచ్చి ప్రార్థన మధ్యలో లేచి పోయేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. యార్క్ పాత ఊరి చుట్టూ ఉన్న కోటగోడ మీద నడక కూడా ఉచితమే కానీ, మెట్లెక్కాలి, కొన్నిచోట్ల పక్కన పట్టుకోవడానికి కమ్మీ కూడా ఉండదు. మోకాళ్ల నొప్పులుంటే యార్క్‌లోనే ఉన్న రైల్వే మ్యూజియం మేలు. 1938లో గంటకు 203 కిలోమీటర్ల వేగంతో రికార్డు సృష్టించిన ఆవిరి ఇంజన్ మల్లార్డ్ అక్కడిదే. దానికీ టిక్కెట్టు లేదు.

లీడ్స్ వాసి: నాన్నగారు రైల్వేలోనే రిటైరయ్యారు అత్తయ్యగారూ, ఇక ఆయన్ను అక్కడి నుంచి కదిలించడం కష్టమే! మిన్‌స్టర్‌కు సాయంత్రం ప్రార్థనకే వెళ్తాం. మిగిలిన టిక్కెట్టు డబ్బు డరమ్ విరాళాల పెట్టెలో వేస్తాను.

రాళ్లపిచ్చి: మీ ఇష్టం. తూర్పు కిటికీకి ఎండ పొద్దున పడుతుంది. సాయంత్రం వెళ్లి కూర్చుని వచ్చి, మిన్‌స్టర్ చూసేశామని మాత్రం ఇక్కడ రాయకండి.