రంగంలో తీసిన ఫొటో: వెనకాల ఉన్న విమానం ఏదో చెప్పగలరా?

బొబ్బిలి_పాతపెట్టె
మా తాతగారు రంగంలో (బర్మాలోని రంగూన్) ఏరోడ్రోమ్ పనికి వెళ్లి 1942లో తిరిగొచ్చారని అమ్మ చెప్పేది. ఆయన ట్రంకుపెట్టెలో ఒక ఫొటో దొరికింది. నలుగురు మనుషులు, వెనక చిన్న విమానం. తోక ఫొటోలో పడలేదు. ఒకటే ఇంజన్, మొద్దు ముక్కు, పీపాలాంటి పొట్టి శరీరం. ఫొటో అంచున వలయాల గుర్తు సగం కనిపిస్తోంది. ఇంట్లో అందరూ జపాన్ విమానం అంటున్నారు. ఆయన దేని పక్కన నిలబడ్డారో మా పిల్లలకు సరిగ్గా చెప్పాలని ఉంది.

వంశధార_రెక్కలు
అమ్మా, పేరు చివర్న చూద్దాం. మొద్దు ముక్కు అంటే సిలిండర్లు చుట్టూ అమర్చి గాలితో చల్లబరిచే రేడియల్ ఇంజన్. అది ఖాయమైతే మొనదేలిన ముక్కున్న బ్రిటిష్ యుద్ధ విమానం హరికేన్ లెక్కలోంచి పోతుంది. 1941 చివర్లో అమెరికన్ వాలంటీర్లు రంగం దగ్గర మింగలదాన్ ఏరోడ్రోమ్‌లో నడిపిన అమెరికా యుద్ధ విమానం పీ-40 కూడా కాదు, దానికి ముక్కు కింద పెద్ద నోరు ఉంటుంది. ఇప్పుడు రెక్క ఎక్కడ అతికిందో చూడండి. పొట్ట కిందా, నడుమునా, నెత్తి మీదా?

రాజాం_కుర్రోడు
బ్రిటిష్ వాళ్ల లైసాండర్ విమానం కావచ్చా అన్నా? దానికీ రేడియల్ ఇంజనే. మన ఎయిర్ ఫోర్స్ ఒకటో స్క్వాడ్రన్ 1942 ఫిబ్రవరిలో మజుందార్ గారి నాయకత్వంలో వాటితోనే బర్మాలో యుద్ధం చేసింది. మనవాళ్ల విమానం అయితే ఎంత బాగుంటుందో!

బొబ్బిలి_పాతపెట్టె
భూతద్దం పెట్టి చూశాను. రెక్క నడుమునే ఉంది. చక్రం కాలు రెక్క కింద నుంచి దిగింది. దాని నుంచి శరీరంలోకి ఏటవాలుగా ఇంకో కడ్డీ ఉంది. చక్రానికి తొడుగు లేదు.

వంశధార_రెక్కలు
అయితే లైసాండర్ కాదు తమ్ముడూ. దాని రెక్క నెత్తి మీద ఉంటుంది, చక్రాలకు పెద్ద తొడుగులుంటాయి. జపాన్ వాళ్ల యుద్ధ విమానం కి-27 కూడా కాదు. రేడియల్ ఇంజనే గానీ రెక్క కిందుగా ఉంటుంది, కాళ్లు ముడుచుకోవు.

నా ఓటు బ్రూస్టర్ బఫెలోకి. అమెరికాలో తయారైంది, బ్రిటిష్ వాళ్లు కొన్నారు. నడుమున రెక్క, పొట్టి శరీరం, పొట్ట పక్కన గుంతల్లోకి ముడుచుకునే చక్రాలు. ఈ మూడూ ఒక్కచోట ఉన్న ఫైటర్లు ఆ రోజుల్లో అరుదు. రాయల్ ఎయిర్ ఫోర్స్ 67వ స్క్వాడ్రన్ మింగలదాన్‌లో వీటినే నడిపింది. 1941 డిసెంబర్ 23న రంగం మీద బాంబులు పడ్డప్పుడు పీ-40లతో పాటు ఎదురెళ్లినవి ఇవే. ఊరు, కాలం రెండూ కుదురుతున్నాయి. ఇంకా తేలాల్సింది ఆ గుర్తే.

విజీనగరం_డార్క్‌రూమ్
గుర్తు సంగతి నేను చెప్తాను, మాది ఫొటో స్టూడియో కుటుంబం. బ్లాక్ అండ్ వైట్‌లో రంగుల్ని నమ్మకండి. ఆ కాలం ఆర్థోక్రొమాటిక్ ఫిల్ములో ఎరుపు నల్లగా పడుతుంది, పసుపు కూడా ముదురుగా వస్తుంది, నీలం తేలిపోతుంది. బ్రిటిష్ గుర్తు బయటి పసుపు వలయం నల్ల అంచులా కనబడి మనుషుల్ని తికమక పెట్టేది అందుకే. జపాన్ గుర్తు ఒకే ఎర్రటి బిళ్ల, అందులో వలయాలు ఉండవు. ఆ బిళ్లతో పోలిక రాకూడదనే తర్వాత ఈ వైపు బ్రిటిష్ విమానాల గుర్తుల్లో మధ్య ఎరుపు తీసేశారు. మీ ఫొటోలో నడిమి చుక్క నల్లగా ఉంటే అంతకు ముందుదన్నమాట.

ఇంకోటి. నెగటివ్ తిరగేసి ప్రింట్ చేసిన ఫొటోలు చాలా చూశాం. చొక్కా జేబు ఎడమవైపు ఉందో లేదో చూడండి.

పలాస_అక్క
మా పెదనాన్న ఫొటో కూడా అలాగే తేలింది. అది రెండు రెక్కల విమానం. పై రెక్క మధ్యలో పెట్రోల్ ట్యాంకు చూసి టైగర్ మాత్ అన్నారు. శరీరం మీద వీటీతో మొదలయ్యే అక్షరాలున్నాయి కాబట్టి మన దేశపు పౌర విమానమని ఖాయమైంది. చెల్లీ, ఫొటోకి లామినేషన్ మాత్రం చేయించకు. మావి రెండు అలాగే పాడయ్యాయి.

బొబ్బిలి_పాతపెట్టె
జేబు ఎడమవైపే ఉంది. నడిమి చుక్క నల్లగా ఉంది, బయట కూడా నల్ల అంచుంది! వెనక స్టూడియో ముద్ర సగం చెరిగిపోయింది. రేపు పార్వతీపురంలో స్కాన్ చేయిస్తాను.

వంశధార_రెక్కలు
చాలా సంతోషం అమ్మా. 600 డీపీఐలో, రెండు వైపులా, అంచులు కత్తిరించకుండా చేయించండి. ఆ ఏటవాలు కడ్డీ దగ్గర క్లోజప్ పెడితే బఫెలో అని నిక్కచ్చిగా చెప్పేస్తాం. తాతగారి పక్కనున్న ముగ్గురి పేర్లు ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తున్నాయేమో అడగండి. రంగం వెళ్లొచ్చిన కుటుంబాలు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి. ఇదే ఫొటో ఇంకో ఇంట్లో కూడా ఉండొచ్చు, తోకతో సహా.