అప్‌డేట్: అమ్మ జారిపడిన బాత్‌రూమ్‌కు టైల్స్ అన్నీ మార్చవలసిన పని లేకపోయింది

తిరుపతిలోని మా ఇంటి బాత్‌రూమ్‌లో అమ్మ రెండుసార్లు జారిపడిందని, టైల్స్ అన్నీ పగలగొట్టించాలా అని రెండు నెలల క్రితం అడిగాను. ఓపికగా సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

మేస్త్రి వచ్చి బకెట్‌తో నీళ్లు పోసి చూపించగా, నేల వాలు జాలీ వైపు కాక కమోడ్ మూలకు ఉన్నదని, అక్కడ నిలిచిన సబ్బునీరు మా బోరునీటిలోని కాల్షియంతో కలిసి తెల్లని జిడ్డుపొరగా పేరుకున్నదని తేలింది. ఆ మూలలో నాలుగు టైల్స్ మాత్రమే తీయించి, వాలు సరిచేయించి, గరుకు రకం వేయించాము. మిగిలిన నేలను వారానికొకసారి వెనిగర్ కలిపిన నీటితో రుద్దుతున్నాము. దానిలో బ్లీచింగ్ పౌడర్ మాత్రం ఎన్నడూ కలపకండి, విషవాయువు వెలువడుతుంది.

మీలో ఒకరు చెప్పిన స్టీలు పట్టుకమ్మీ అమ్మకు అన్నిటికన్నా ధైర్యాన్నిచ్చింది. దానిని ఇటుక గోడలోకి యాంకర్ బోల్టులతో బిగించారు. అంతకుముందు నేను కొన్న, గోడకు అతుక్కునే రకం కమ్మీ వారంలోనే ఊడిపోయింది కనుక పెద్దవారి బరువుకు దానిని నమ్మవద్దు. లోపల పడిన మనిషే తలుపుకు అడ్డమైతే ఎవరూ వెళ్లలేరని మేస్త్రి చెప్పడంతో, తలుపును బయటికి తెరుచుకునేలా మార్పించాము. పాప కోసం గీజర్‌ను 50 డిగ్రీలకు తగ్గించాము.

అమ్మ చూపు తగ్గిందేమోనన్న నా అనుమానం నిజం కాదు. కంటి పరీక్షలో ఏ లోపమూ కనబడలేదు.